ఇరుసుకు ఇంత చోటు: సైకిలు వెనుక చక్రపు కొలతల కథ

ఎడ్లబండికీ సైకిలుకూ ఇరుసు ఉన్నది. పేరొక్కటే గానీ తీరు వేరు. బండి ఇరుసు పెట్టె కింద అడ్డంగా సాగి, రెండు కొసలా బయటికి పొడుచుకొని వస్తుంది. ఆ కొసకు చక్రాన్ని తొడిగి, అది ఊడిపోకుండా కడచీల దిగగొడతారు. చక్రానికి లోపలి వైపున మాత్రమే ఆధారం, బయటి వైపున ఆకాశమే హద్దు. అందుచేత బండి చక్రపు కుండ నాలుగు వేళ్ళు వెడల్పు పెరిగినా అడ్డు తగిలేది ఏదీ లేదు. సైకిలు చక్రం అట్లా కాదు. దాని ఇరుసును చట్రపు రెండు చేతులు రెండు కొసలా పట్టుకొని ఉంటాయి. ఆ రెండు చేతుల నడుమ ఉన్న చోటే చక్రనాభికి దక్కిన రాజ్యం. అందులోనే నాభి, పండ్ల చక్రాలు, కోనులు, గోళీలు, నట్లు అన్నీ ఇమడాలి. నూట ఇరవై ఏండ్లుగా సైకిలు తయారీదార్లు ఈ కొద్దిపాటి చోటు కోసం పడిన తగవులాటే ఈ వ్యాస విషయం. పాత సైకిలును ప్రేమించి నిలుపుకోదలచిన వారందరికీ ఏదో ఒకనాడు ఈ తగవు ఎదురుపడక మానదు.

సంస్కృతంలో నాభి, అర, నేమి అని చక్రాంగాలకు చక్కని పేర్లున్నవి. బండి దగ్గర మన రైతులు కుండ, ఆకులు, పూటీలు అన్నారు. సైకిలు షాపులో హబ్బు, స్పోకులు, రిమ్ము అంటారు. ఈ వ్యాసంలో నేను సైకిలు షాపు మాటలనే వాడుతున్నాను. జనం నోట నలిగిన మాటను కాదని కొత్త సంస్కృత సమాసం కల్పించడం వల్ల పండితునికి తృప్తి కలుగుతుందేమో గానీ నట్టు మాత్రం వదులు కాదు.

1870 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన పెద్ద ముందుచక్రపు సైకిళ్ళకు ఈ సమస్యే లేదు. తొక్కుడు కమ్ములు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. వెనుక చక్రం వెంట వచ్చే చిన్న తోడు మాత్రమే. ఇంగ్లండులోని కావెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సైకిలును వెలువరించడంతో స్థితి తలక్రిందులయింది. రెండు చక్రాలూ ఇంచుమించు సమానమై, పెడళ్ళు నడుమకు వచ్చి, చైను ద్వారా వెనుక చక్రం తిరగసాగింది. అందుకు తగిన గట్టి చైనును మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ 1880లోనే రూపొందించి ఉన్నాడు. మూడేండ్ల తరువాత, 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. ఆనాటితో వెనుక చక్రం తోడు చక్రం కాక పనిచేసే చక్రం అయింది. బరువు మోసేది అదే, లాగేది అదే. నాటినుంచీ హబ్బు కుడిపక్కన ఏదో ఒకటి అదనంగా వచ్చి చేరుతూనే ఉన్నది.

మొదట చేరినది ఒకే ఒక్క పండ్ల చక్రం, అదీ హబ్బుకు బిగిసిపోయినది. చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగవలసిందే. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఫ్రీవీలు వచ్చి కాళ్ళకు విశ్రాంతినిచ్చింది. ఒక్క పండ్ల చక్రమే గనుక చోటు పెద్దగా అక్కరలేదు. ఇంగ్లీషు రోడ్‌స్టరు సైకిళ్ళలో వెనుక చేతుల నడుమ ఎడం సుమారు 110 నుంచి 114 మిల్లీమీటర్లు ఉండేది.

ఈ ఎడం ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలన్నది ముందు తెలియాలి. ఇరుసు పొడవు వేరు, ఈ కొలత వేరు. ఇరుసు మీద ఇరువైపులా కోను, దాని బయట వాషరు, ఆ బయట బిగింపు నట్టు ఉంటాయి. ఆ రెండు బిగింపు నట్ల వెలుపలి ముఖాల మధ్య దూరమే హబ్బు వెడల్పు. చట్రం చేతులకు లోపలి వైపున తాకేవి ఆ ముఖాలే. ఇరుసు అక్కడినుంచి ఇంకా బయటికి సాగి, చేతుల చీలికలలో కూర్చుని, బయటి నట్టుతో బిగుస్తుంది. చాలామంది ఇరుసు పొడవు కొలిచి అదే హబ్బు వెడల్పు అనుకొని కొత్త హబ్బు తెప్పించుకొంటారు. అది సరిపడదు.

మూడు గేర్ల హబ్బు కథ ఇక్కడే చెప్పుకోవాలి. ఎందుకంటే చోటు పెంచకుండా గేర్లు పెంచిన ఘనత దానిది. నాటింగ్‌హామ్‌లో రాలీ కంపెనీ అధిపతి ఫ్రాంక్ బౌడెన్ అండతో 1902-03 నాటికి స్టర్మీ ఆర్చర్ హబ్బు పుట్టింది. హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్ల పేర్లు దానికి నిలిచిపోయాయి. ఆర్చర్ పేరున వచ్చిన రూపకల్పన వెనుక విలియం రైలీ అనే ఇంజనీరు ఉన్నాడని చరిత్రకారులు తేల్చారు. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం మన కావ్యలోకానికీ కొత్త కాదు.

1936లో వచ్చిన ఏ.డబ్ల్యూ. అనే నమూనా వీటన్నిటిలోకీ దీర్ఘాయువు. హబ్బు లోపల ఇరుసు మీదనే 20 పండ్ల చిన్న చక్రం చెక్కి ఉంటుంది. దానిని సూర్యచక్రం అంటారు. దాని చుట్టూ గ్రహచక్రాలు, ఒక్కొక్కటీ 20 పండ్లవే. వాటిని చుట్టుకొని లోపలికి 60 పండ్లున్న పెద్ద వలయం. చైను శక్తి గ్రహచక్రాల పంజరానికి అంది, వలయం నుంచి బయటికి వస్తే వేగం 4/3 వంతు. వలయానికి అంది, పంజరం నుంచి వస్తే 3/4 వంతు. రెండూ కాక నేరుగా వస్తే సమానం. మూడు గేర్లూ అవే. సూర్యుడు కదలకుండా ఉంటేనే గ్రహాలు తమ పని చేస్తాయి. అంటే ఇరుసు ఏమాత్రమూ తిరగరాదు. అందుకే ఆ ఇరుసుకు రెండు పక్కలు చదును చేసి, పన్ను ఉన్న వాషర్లను చేతుల చీలికలలో ఇరికిస్తారు. ఆ పన్ను వాషరు లేకుండా బిగించిన హబ్బులో ఇరుసు మెల్లగా తిరిగి నట్లు వదులవుతాయి, గేరు తీగె లోపలి గొలుసు తెగుతుంది. పాత చట్రంలో మరో రకం హబ్బు వేసేవారు ఈ వాషర్లను పనికిరాని చిల్లర అనుకొని పారవేయరాదు.

ఈ హబ్బు ఇరుసులు రెండు పొడవులలో వచ్చాయి: ఐదుముప్పావు అంగుళాలు, ఆరుంబావు అంగుళాలు. పలుచని రేకు చేతులున్న చట్రానికి పొట్టిది, మందమైన చేతులకు పొడుగుది. దాని మరల లెక్క అంగుళానికి 26. ఇంగ్లీషు సైకిలు పరిశ్రమ ఆ 26 మరల సంఖ్యను పట్టుకొని ఎన్నో తరాలు వదలలేదు. సాధారణ ఇంగ్లీషు వెనుక ఇరుసు మందం అంగుళంలో 3/8 వంతు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. ఖండాంతర యూరపులోనూ జపానులోనూ 10 మిల్లీమీటర్ల ఇరుసు, మిల్లీమీటరుకొక మర. కంటికి రెండూ ఒకటిగానే ఉంటాయి. ఒకదాని నట్టు రెండోదానికి ఎక్కించబోతే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ బలం చూపినవాడు ఇరుసునూ నట్టునూ రెంటినీ పోగొట్టుకొంటాడు.

ఇంగ్లీషువారు హబ్బు లోపలికి పోగా, ఫ్రెంచివారు బయటికి పోయారు. సెంటెతియెన్ పట్టణంలో పాల్ ద వివీ, వెలోసియో అనే కలం పేరుతో పత్రిక నడుపుతూ, గేర్ల కోసం దశాబ్దాలు వాదించాడు. హబ్బు మీద రెండు మూడు పండ్ల చక్రాలను పక్కపక్కన పేర్చి, చైనును ఒకదానినుంచి మరొకదానికి నెట్టే పద్ధతి అక్కడ పెరిగింది. 1928లో దిజోన్ నగరంలో లూసియాన్ జుయీ సింప్లెక్స్ యంత్రాన్ని తెచ్చాడు. కానీ ఫ్రాన్సు చుట్టు పందెం వ్యవస్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కు ఇది నచ్చలేదు. కండబలానికి యంత్రం సాయం చేయరాదని ఆయన పట్టుదల. కొండ వచ్చినప్పుడల్లా పందెగాళ్ళు దిగి, వెనుక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకొనేవారు. చక్రానికి రెండు వైపులా వేర్వేరు సంఖ్యల పండ్ల చక్రాలుండేవి. 1937లో నిషేధం ఎత్తివేశారు. ఆ ఏడు గెలిచిన రోజే లాపెబీ గేరు మార్చే యంత్రంతో ఆ పందెం గెలిచిన మొదటివాడు.

ఇటలీలో తూలియో కాంపాన్యోలో గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1927లో కొండ కనుమ మీద మంచులో వేళ్ళు కొంకర్లు పోయి చక్రపు నట్టు విప్పలేక పందెం ఓడి, అందువల్లనే ఒక్క మీట తిప్పితే ఊడివచ్చే ఇరుసును కనిపెట్టాడని. పరిశోధకులలో కొందరు ఈ కథను నమ్మరు. కథ ఎట్లున్నా, బోలు ఇరుసు లోపలినుంచి సన్నని కమ్మీ దూర్చి మీటతో బిగించే ఏర్పాటు ఆయన కంపెనీ పేరుతోనే లోకమంతా పాకింది. పాత చట్రపు కొలతల విషయంలో దీని ప్రభావం చిన్నది కాదు. నట్ల ఇరుసు బయటికి ఎంత పొడుచుకువచ్చినా ఇబ్బంది లేదు. మీట ఇరుసు అట్లా కాదు. అది చేతి మందం లోపలే ఆగిపోవాలి, బయటికి ఒక్క వెంట్రుకవాసి వచ్చినా మీట బిగింపు చట్రాన్ని కాక ఇరుసు కొసను నొక్కుతుంది, చక్రం జారుతుంది. అందుకే హబ్బు వెడల్పుకు సుమారు 11 మిల్లీమీటర్లు కలిపితే మీట ఇరుసు పొడవు వస్తుంది. 126కు 137, 130కి 141.

ఇక పెరుగుదల కథ త్వరగా చెప్పవచ్చు. ఐదు పండ్ల చక్రాల కాలానికి 120 మిల్లీమీటర్లు స్థిరపడింది. 1970, 80 దశకాలలో ఆరు, ఏడు చక్రాలతో 126 అయింది. ఎనిమిది చక్రాలతో 1980ల చివర 130కి మారడం మొదలైంది. కొండదారి సైకిళ్ళకు 135. జపాను సన్‌టూర్ కంపెనీ మాత్రం ఆరు చక్రాలను దగ్గరదగ్గరగా పేర్చి 120లోనే ఇమిడ్చి చూపింది. ఆ వివేకం నాకు ఎంతో నచ్చుతుంది. చోటు పెంచమని అడగకుండా సర్దుకున్నది. లోకం దానిని ఎక్కువ కాలం ఆదరించలేదు.

ఈ పెరుగుదలలో ఒక గుట్టు ఉన్నది. మర ఫ్రీవీలు ఉన్న హబ్బులో కుడివైపు గోళీలు ఫ్రీవీలుకు లోపల ఉంటాయి. చక్రాలు పెరిగినకొద్దీ గోళీలకూ చేతికీ మధ్య ఆధారం లేని ఇరుసు భాగం పొడుగవుతుంది. మనిషి బరువూ చైను లాగుడూ దాని మీదే పడి ఇరుసు వంగడం, విరగడం పరిపాటి అయింది. 1978లో షిమానో కంపెనీ ఫ్రీవీలునూ హబ్బునూ ఏకం చేసి కుడి గోళీలను బయటి కొసకు జరిపింది. ఇంగ్లండులో బేలిస్ వైలీ కంపెనీ 1938లోనే ఇటువంటిది చేసింది గానీ అది కాలానికి ముందు పుట్టింది. షిమానో అమరికతో ఇరుసు విరుగుడు తగ్గింది, ఇంకా ఇంకా చక్రాలు చేర్చే ధైర్యమూ వచ్చింది. రోగం కుదిరిందని పథ్యం మానినట్లయింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకరి దగ్గర 1960ల నాటి 120 మిల్లీమీటర్ల ఉక్కు చట్రం ఉన్నది. పాత చక్రం అరిగింది. దొరికే చక్రం 126దో 130దో. ఏమి చేయాలి? దారులు రెండే. చట్రాన్ని వెడల్పు చేయడం, లేదా హబ్బును ఇరుకు చేయడం.

చట్రాన్ని వెడల్పు చేయడం అంటే కాల్చకుండా చల్లగా ఉన్నప్పుడే చేతులను వంచడం. ఉక్కు కాబట్టి ఇది సాధ్యం. కొంతవరకు లాగితే తిరిగి యథాస్థానానికి వస్తుంది. ఆ హద్దు దాటాకనే కొత్త చోట నిలుస్తుంది. అందుచేత 3 మిల్లీమీటర్లు జరపాలంటే అంతకు ఎంతో ఎక్కువ లాగి వదలవలసి వస్తుంది, ఎంత లాగాలో చేతికే తెలియాలి. రెండు చేతుల మధ్య మర కడ్డీ పెట్టి ఒకేసారి తోయడం సులభంగా కనిపిస్తుంది. కానీ పెద్ద పళ్ళెపు చక్రానికి చోటివ్వడానికి కుడి కింది గొట్టాన్ని తరచుగా నొక్కి ఉంటారు, రెండు చేతుల బలం సమానం కాదు. మెత్తనిది ఎక్కువ వంగుతుంది, గట్టిది కదలనే కదలదు. అందుకే కొయ్య దూలంతో ఒక్కొక్క చేతినే వేరుగా వంచుతూ దారంతో సరిచూడాలి. ఒక చేతి కొసకు దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో చేతి కొసకు బిగించి కట్టాలి. నడుమ నిలువు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు పక్కలా సమానంగా ఉంటే చట్రం తిన్నగా ఉన్నట్టు. దారమే ఇక్కడ ధర్మకాటా.

అంతటితో పని ముగియదు. చేతులు విడివడినప్పుడు వాటి కొసల పలకలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండక, పక్కలకు వాలిపోతాయి. 120 నుంచి 130కి పోతే ఒక్కో చేయి 5 మిల్లీమీటర్లు జరిగినట్టు. 420 మిల్లీమీటర్ల గొట్టానికి అది ఇంచుమించు డిగ్రీలో మూడింట రెండు వంతుల వాలు. రెండు పక్కలా కలిపి డిగ్రీకి పైగా. వినడానికి అల్పమే. ఆ వంకర పలకల మధ్య బిగించిన ఇరుసు మాత్రం ప్రతి చుట్టుకూ వంపు ఒత్తిడి భరించి ఒకనాడు విరుగుతుంది. పలకలను తిరిగి సమాంతరం చేయని వెడల్పు పని సగం పనే.

హబ్బును ఇరుకు చేయడం రెండో దారి. ఎడమవైపు బిగింపు నట్టు విప్పి, కోనుకూ నట్టుకూ మధ్య ఉన్న వాషర్లలో కావలసినన్ని తీసివేయాలి. కుడివైపు ముట్టరాదు, అక్కడ చిట్టచివరి పండ్ల చక్రానికీ చేతికీ మధ్య చైను పట్టే సందు ఉండాలి. 126 హబ్బులో ఎడమన 6 మిల్లీమీటర్లు తీసేస్తే 120 అవుతుంది. అప్పుడు హబ్బు నడిమి బిందువు 3 మిల్లీమీటర్లు కుడికి జరుగుతుంది. రిమ్మునూ అంతే కుడికి జరపాలి. కుడి స్పోకులను బిగిస్తూ, ఎడమవాటిని వదులుచేస్తూ బెండు తీయాలి. ఇరుసు మీట ఇరుసైతే ఆ 6 మిల్లీమీటర్లను రంపంతో కోసి కొసను ఆకురాయితో సరిచేయాలి. గోళీలను కొత్త కందెనతో కూర్చి, కోను అతి బిగువూ అతి వదులూ కాకుండా నిలపాలి. వెనుక హబ్బులో సాధారణంగా పక్కకు తొమ్మిది, అంగుళంలో పావు వంతు గోళీలు.

దీనికీ ఒక వెల ఉన్నది. రిమ్ము కుడికి జరిగినకొద్దీ కుడి స్పోకులు నిటారై అతి బిగుతు అవుతాయి, ఎడమవి వదులై చక్రం బలం తగ్గుతుంది. పైగా ఎడమన తీయడానికి అన్ని వాషర్లు ఉండాలి కదా. 130 హబ్బును 126 చేయడం తేలిక, 120 చేయడం చాలా హబ్బులకు చేతకాదు.

నా అభిప్రాయం అడిగితే, సాగినంతవరకు హబ్బునే సవరించమంటాను. తీసిన వాషరును డబ్బాలో దాచుకొంటే మళ్ళీ పెట్టుకోవచ్చు. వంచిన చట్రాన్ని తిరిగి వంచవచ్చునన్నమాట నిజమే గానీ, ప్రతి వంపుకూ లోహం అలసిపోతుంది, కీళ్ళలోని ఇత్తడి అతుకు పరీక్షకు గురవుతుంది, రంగు పగులుతుంది. చక్రం నేడు అంగడిలో దొరికే వస్తువు. 1950లలో ఎవరో ఒక పనివాడు ఆకురాయితో రుద్ది అతికిన చట్రం మళ్ళీ దొరకదు. ఇంటికి పెద్దవాడిని గుమ్మానికి తగ్గట్టు వంచుతామా, గుమ్మం సంగతి చూస్తామా? అయితే రోజూ తొక్కి బతుకు వెళ్ళదీసుకొనే మామూలు సైకిలు విషయంలో ఈ పట్టుదల పెట్టుకోను. అక్కడ చట్రాన్ని వంచితే బండి నడుస్తుందంటే వంచవలసిందే.

చట్రం ఏ ఉక్కుతో చేసినదో కూడా చూడాలి. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన 531 ఉక్కు ఇటువంటి వంపును భరిస్తుంది. అదే కంపెనీ 1970లలో తెచ్చిన 753, వేడి సంస్కారం పొందిన అతి పలుచని గొట్టం, వంపును సహించదు. అల్యూమినియం, కార్బన్ చట్రాల జోలికి పోనేరాదు. అవి వంగవు, పగులుతాయి.

రిమ్ము రంధ్రాల సంగతి మరచిపోరాదు. ఇంగ్లీషు సంప్రదాయంలో ముందు చక్రానికి 32 స్పోకులు, వెనుకకు 40. బరువంతా వెనుకనే గనుక ఆ తేడా. మన దేశంలో 1949లో మద్రాసులో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్, 1950ల తొలినాళ్ళలో ఆసన్సోలులో వెలసిన సేన్-రాలీ, ఈ ఇంగ్లీషు సంప్రదాయపు సంతానమే. మన పల్లె బడిపంతుళ్ళు, పోస్టుమాన్లు, పాలవాళ్ళు తొక్కిన హెర్క్యులిసులు, రాలీలు ఆ 32, 40 లెక్కనే నిలుపుకొన్నాయి. నేను కొలువు చేసిన ముప్పైయేళ్ళలో పదిహేనేళ్ళు అటువంటి బండి మీదే బడికి వెళ్ళాను. ఒక్క పండ్ల చక్రపు ఆ బండికి వెనుక చేతుల ఎడం పెంచవలసిన అక్కర రాలేదు. తండ్రి కాలపు చట్రానికి కొడుకు కొన్న హబ్బు సరిపోవడం పేదవాడికి ఎంత మేలో, కొలతలు మార్చేవారు ఎన్నడైనా లెక్క వేశారా అని నా సందేహం. పాత 40 రంధ్రాల రిమ్మును దాచుకొని 36 రంధ్రాల కొత్త హబ్బు కొన్నవారికి మాత్రం వెడల్పు కుదిరినా చక్రం అల్లడం కుదరదు.

ఈ విద్యను ప్రపంచానికి ఉచితంగా పంచినవాడు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు షెల్డన్ బ్రౌన్. వెస్ట్ న్యూటన్‌లో హారిస్ సైక్లరీ అనే దుకాణంలో పనిచేస్తూ, ఏ కాలపు చట్రానికి ఏ వెడల్పో, కొయ్యతో ఎట్లా వంచాలో, దారంతో ఎట్లా సరిచూడాలో విడమరచి రాశాడు. 2008 ఫిబ్రవరిలో కాలం చేశాడు. ఆ దుకాణం 2021లో మూతపడింది. ఆయన రాతలను మిత్రులు నిలిపి ఉంచారు.

డిస్కు బ్రేకులు రోడ్డు సైకిళ్ళకు వచ్చాక, చీలికలో కూర్చునే ఇరుసు కూడా పోయింది. 12 మిల్లీమీటర్ల లావు కమ్మీ చట్రంలోని గుండ్రటి రంధ్రం గుండా దూరి, హబ్బును దాటి, అవతలి చేతిలో మరగా బిగుస్తున్నది. దాని కొలత 142 అంటారు. నిజానికి అది పాత 135కే, చక్రం సులువుగా కూర్చోడానికి చేతుల లోపల చెక్కిన గాడి కోసం ఒక్కో పక్కన మూడున్నర మిల్లీమీటర్లు కలపగా వచ్చినది. ఆ హబ్బును పాత చీలికల చట్రంలో వేయాలంటే వాషర్లు తీసినా, చేతులు వంచినా లాభం లేదు.